సెలవు రోజుల్లో తగ్గే ఆయాసం

మంగళవారం, రాత్రి

ఈ రోజు ఓపీలో చూసిన ఆరుగురిలో ఐదుగురి సంగతి కేసు షీట్లలోనే ఉంది, ఇక్కడ మళ్ళీ రాయను. ఆరో వ్యక్తి తెచ్చిన కాగితం మాత్రం ఇంటికి వచ్చాక కూడా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

ఆయన కార్లకు స్ప్రే పెయింటింగ్ చేస్తారు. ఇరవై ఏళ్ళుగా అదే పని. పొగ తాగే అలవాటు లేదు, చిన్ననాట ఉబ్బసం లేదు. ఏడాదిన్నరగా దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు. కిందటిసారి వచ్చినప్పుడు ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో అంకెల్లో చూపే పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, రోజుకు నాలుగుసార్లు ఊదమని, ప్రతిసారీ మూడు ప్రయత్నాల్లో ఎక్కువ వచ్చిన అంకెను రాయమని, పనికి వెళ్ళిన రోజులను, వెళ్ళని రోజులను విడివిడిగా గుర్తు పెట్టమని చెప్పాను. ఆయన ఒక్క పూట కూడా మానలేదు. పనిలో ఉన్న రెండు వారాల్లో అంకెలు మెట్లు దిగినట్టు 310 దాకా పడిపోయాయి. సెలవు పెట్టిన పది రోజుల్లో నెమ్మదిగా లేచి 480కి చేరాయి. తిరిగి పనిలోకి వెళ్ళిన మూడో రోజుకే మళ్ళీ కిందికి జారాయి. ఆసుపత్రిలో ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష ఆయన ఊపిరితిత్తుల ఒక్క పూట స్థితిని మాత్రమే చెప్పింది, ఈ అంకెల గీత ఆయన జీవితం ఎలా నడుస్తున్నదో చెప్పింది.

ఆ రంగులో కలిపే గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటికి ఒకసారి శరీరం అలవాటుపడక తిరగబడడం మొదలుపెట్టిందంటే, ఆ తరువాత అతి స్వల్ప మోతాదు కూడా ఉబ్బసం తెప్పించగలదు. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు. లక్షణాలు మొదలయ్యాక ఎంత త్వరగా దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ, ఆలస్యమైతే పని మానేశాక కూడా ఉబ్బసం మిగిలిపోవచ్చు. ఇదంతా వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆయన విని, కొంతసేపు మౌనంగా ఉండి, "అంటే నేను పని మానుకోవాలా డాక్టరుగారూ?" అని అడిగారు. రోగ నిర్ధారణ పది నిమిషాల్లో అయింది, ఈ ఒక్క ప్రశ్న దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నాం.

పని వల్ల వచ్చే జబ్బుల వైద్యంలోకి నేను రావడానికి కారణమైన మనిషి ఆ సమయంలో గుర్తుకు వచ్చారు. చదువు ముగిసిన తొలి సంవత్సరంలో ఒకాయన ఆయాసంతో నా దగ్గరికి వచ్చేవారు. ఎక్స్‌రేలో పైభాగాన చిన్న చిన్న మచ్చలు చూసి క్షయ అనుకొని మందులు మొదలుపెట్టాను. కఫంలో క్షయ క్రిములు కనబడకపోయినా అదే దారిలో ఎనిమిది నెలలు నడిచాను. షీటులో వృత్తి అన్న చోట "కూలీ" అని ఉంది. ఏ కూలీ అని నేను అడగలేదు. ఆయన రాళ్ళు కోసే మనిషి అని వేరొక డాక్టరు అడిగితే తెలిసింది. రాయి కోసేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో వదిలిన మచ్చ చెరిగిపోదు, దానికి మందు లేదు. ఎనిమిది నెలలూ ఆయన ఆ ధూళిలోనే పనిచేశారన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు 1700లోనే వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని చూసేటప్పుడు నీ వృత్తి ఏమిటి అని కూడా అడగాలని అందులో చెప్పాడు. తన ఇంట్లో మరుగుదొడ్డి గుంతను శుభ్రం చేసే మనిషి హడావుడిగా పనిచేస్తుంటే, ఎందుకంత తొందర అని ఆయన అడిగాడట. ఎక్కువసేపు ఉంటే కళ్ళు మండి చూపు పోతుందని అతను చెప్పాడట. ఆ పుస్తకానికి బీజం ఆ సంభాషణే. ఓపీ గదిలో కాక, పని జరిగే చోట నిలబడి అడిగిన ప్రశ్న అది.

అందుకే ఈ రోజు రోగిని, రంగు కొట్టే బూత్ గదిలో గాలి ఎలా వెళుతుందని, తోటివాళ్ళ సంగతి ఏమిటని అడిగాను. మరో ఇద్దరు అక్కడే రంగు కొడతారట. "వాళ్ళకూ దగ్గు ఉందా?" అంటే, "అందరికీ ఉంటుందండీ, రంగు పని కదా" అన్నారు. ఆ ఇద్దరినీ చూడాలి. రంగు మార్చే వీలుందా, బూత్‌లో గాలిని లాగే ఏర్పాటు పనిచేస్తున్నదా, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉందా, ఇవన్నీ యజమానికి ఉత్తరంగా రాయాలి. అయితే ఇవి ఆ ఇద్దరినీ కాపాడవచ్చు. ఈయనకు పూర్తిగా ఆ గాలికి దూరంగా ఉండే పని దొరకాలి, జీతం తగ్గకుండా దొరకాలి. రెండో మాట నా ప్రిస్క్రిప్షన్‌లో రాసే వీలు లేదు.

ఆయన అనుమతి లేకుండా ఆ ఉత్తరం పంపను. ఇంట్లో మాట్లాడి శుక్రవారం చెబుతానన్నారు. వెళ్ళేముందు ఆ పీక్ ఫ్లో కాగితం తిరిగి ఇమ్మని అడిగారు, భార్యకు చూపించాలట. నకలు తీసుకొని అసలు ఆయనకే ఇచ్చాను.