టమాటా పులుపుకి తగిన సీసా

పొద్దున్న ఆరింటికే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. రాత్రికి ఆరుగురం కూర్చుంటాం, వంటంతా ఇంట్లోనే, అదీ ఇటలీ వంట. తల ఊడకుండా, పెంకు గట్టిగా ఉన్న రొయ్యలు ఏరించి కిలో తీసుకున్నాను. అక్కణ్నుంచి ఎంవీపీ కాలనీ రైతుబజారు. టమాటాల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. నాకు కావలసింది నున్నగా మెరిసే హైబ్రిడ్ కాయ కాదు, నాటు టమాటా. రాత్రి ఏ వైన్ పొయ్యాలో తేల్చేది దాని పులుపే మరి.

వైన్ గురించి ఇంగ్లీషులో ఎంత చదివినా నాకు ఒంటబట్టలేదు. మన నాలుకకి తెలిసిన మాటల్లోకి తెచ్చుకున్నాకే తేటపడింది. టానిన్ అంటే వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె వగరు, నేరేడుపళ్లు తిన్నాక నాలుక మందమైపోయే ఆ వగరు. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుంది. లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేస్తుంది కాబట్టే నోరు ఆరిపోతుంది. పక్కన మాంసమో చీజో ఉంటే ఆ పట్టు వాటిమీదకి పోయి మెత్తబడుతుంది. ఇక పులుపు. పుల్లటి వంట పక్కన పులుపు లేని వైన్ పెడితే అది చప్పబడిపోతుంది. కియాంటీ అనే ఇటలీ రెడ్ వైన్‌కి ప్రాణమైన సాంజొవేజే ద్రాక్షకి పులుపు సహజంగానే ఎక్కువ, అందుకే టమాటాకి దీటుగా నిలబడుతుంది. నాకు మహారాష్ట్రలో పండిన సాంజొవేజే దొరికింది, షోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గరి ఫ్రాటెల్లీ వాళ్లది. ఇటాలియన్‌లో ఆ మాటకి అన్నదమ్ములని అర్థం.

మధ్యాహ్నమంతా పాస్తా పిండితోనే. 100 గ్రాముల మైదాకి ఒక గుడ్డు లెక్కన కలిపి, అరగంట తడిగుడ్డ కప్పి ఉంచాను. చపాతీ కర్రతో ఒత్తుతుంటే మొదట రబ్బరులా వెనక్కి లాగేసుకుంది. ఓపిగ్గా ఒత్తగా ఒత్తగా, కింద పెట్టిన చెయ్యి నీడ పైకి కనిపించేంత పల్చబడింది. మడతపెట్టి చాకుతో సన్నగా కోశాను. పొయ్యి మీద మటన్ కీమా, టమాటా మూడు గంటలు సన్నసెగన ఉడికాయి.

సాయంత్రం అందరూ వచ్చాక రెడ్ సీసా తీశాను. తప్పు నాదే, పొద్దుట్నుంచీ బల్లమీదే వదిలేశాను. రెడ్ వైన్‌ని గది వేడిలో ఇవ్వాలంటారు కానీ ఆ గది యూరప్‌ది, 16 నుంచి 18 డిగ్రీలు. మన విశాఖ ఉక్కపోతలో ఉన్న సీసా ముక్కు దగ్గర పెడితే స్పిరిట్ వాసన తప్ప ఇంకేం తెలియలేదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. ఈలోగా వెల్లుల్లి, ఆలివ్ నూనెలో వేయించిన రొయ్యలు, చల్లటి వైట్ వైన్ సావిన్యో బ్లాంక్‌తో. నిమ్మకాయ పిండినట్టే పనిచేసింది.

షిప్‌యార్డ్ మిత్రుడు మాత్రం రొయ్యలతోనే రెడ్ చూస్తానన్నాడు. ఒక గుక్క తాగి, "గురూ, నోట్లో రూపాయి బిళ్ల పెట్టుకున్నట్టుందేటి!" అన్నాడు. అతని నాలుక సరిగ్గానే చెప్పింది. చేపలూ రొయ్యలతో రెడ్ తాగితే నీచు వాసన రావడానికి వైన్‌లోని ఇనుమే కారణమని 2009లో జపాన్ పరిశోధకులు తేల్చారు. పాస్తా రాగానే అదే గ్లాసు మళ్లీ అందుకున్నాడు. ఈసారి వగరు కీమా కొవ్వులో కలిసిపోయింది, టమాటా పులుపు పక్కన వైన్‌లో చెర్రీపండు రుచి పైకొచ్చింది. కళ్లు పెద్దవి చేసి నావైపు చూశాడు. పొద్దుట్నుంచీ పడ్డ కష్టమంతా ఆ చూపుతో తీరిపోయింది.

"రెండు పచ్చిమిరపకాయలు పడుంటే అదిరిపోయేది" అందో నేస్తం. వద్దని చేతులు పట్టుకున్నాను. కారం మీద ఆల్కహాల్ పడితే మంట ఇంకా రాజుకుంటుంది, వైన్ రుచి తెలియదు.

గాజువాక దాకా బండి నడపాల్సిన మిత్రుడు వైన్ ముట్టలేదు. అతనికి చక్కెర తగ్గించి నిమ్మకాయ సోడా కలిపాను. పాస్తాతో అది కూడా చక్కగా కుదిరింది, అక్కడా పని చేసింది పులుపే కదా.

చివర్లో అరకు కాఫీతో చేసిన తిరమిసు అనే ఇటలీ స్వీటు. లడ్డూ తిన్నాక తాగిన టీ ఎంత చప్పగా ఉంటుందో మనకి తెలుసు. అందుకే తిరమిసు కన్నా తియ్యనైన, ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే లేట్ హార్వెస్ట్ వైన్, చిన్న గ్లాసుల్లో.

పదకొండున్నరకి అందరూ వెళ్లారు. పావు సీసా రెడ్ మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. గిన్నె అడుగున కీమా కూడా కాస్త ఉంది. రేపు అట్టులోకి.