టీసీలో ఖాళీగా ఉన్న గడి

మాది మధిర దగ్గర పల్లె, దూదేకుల ముస్లిం కుటుంబం. తాత దూది ఏకేవాడు, నాన్న పరుపులు కుడతాడు. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, ఉర్దూ ఎవరికీ రాదు. అందుకే ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ముస్లిం మైనారిటీ కాలేజీ పెట్టుకోమని మామయ్య అన్నప్పుడు నాకు భయమేసింది. ఇంటర్‌లో "మీరు నిజంగా ముస్లింలేనా?" అని అడిగినవాళ్లున్నారు. అక్కడా అదే అడిగితే?

నా ర్యాంకు 26 వేలు దాటింది. 10 వేల లోపైతే ఫీజు మొత్తం ప్రభుత్వమే ఇస్తుంది, దాటితే ఏడాదికి 35 వేలే. పైది నాన్నే కట్టాలి. మైనారిటీ కాలేజీల్లో కన్వీనర్ సీట్లకు, అంటే కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లకు, పోటీ మైనారిటీ విద్యార్థుల మధ్యే కాబట్టి ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) దొరికే ఆశ ఉంది.

చూసొద్దామని నాన్న, నేను హైదరాబాద్ వెళ్లాం. బంజారాహిల్స్‌లోని ముఫకంజా కాలేజీ, 1980లో పెట్టింది. లోపల ఒక సీనియర్ అక్క ఉర్దూలో ఏదో అడిగి, నా మొహం చూసి తెలుగులోకి మారింది. వాళ్లది నిజామాబాద్ అట. మేము దూదేకులవాళ్లమని నేనే చెప్పాను. "ఏ బ్రాంచ్ కావాలి?" అంది, అంతే. ఇంకేమీ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే నిర్ణయించుకున్నాను.

అసలు టెన్షన్ సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో మొదలైంది. మైనారిటీ అని పదో తరగతి టీసీలో ఉండాలి, లేదా హెడ్మాస్టర్ రాసివ్వాలి. నా టీసీలో కులం దగ్గర దూదేకుల అని ఉంది, మతం గడి ఖాళీ. కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్స్‌కు రెండు రోజులే గడువు. రాత్రి రైలుకే మధిర వెళ్లాం.

పొద్దున్నే హెడ్మాస్టర్ సార్ బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టర్ తీశారు. అంచులు చెదలు తిన్న పేజీలో నా పేరు, పక్కన నీలం ఇంకుతో 'ఇస్లాం', చివర నాన్న వంకర సంతకం. రిజిస్టర్‌లో ఉన్నది టీసీలోకి ఎక్కలేదు, అంతే! సార్ అప్పటికప్పుడు లెటర్‌హెడ్ మీద రాసి, సీలు వేసి ఇచ్చారు. నాన్న ఆ కాగితాన్ని మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మొదటి ఆప్షన్ ముఫకంజా, ఈసీఈ. మొదటి విడతలోనే సీటు వచ్చింది.