బాణాలు లేని సెబాస్టియన్

మా ఊరి గుడిలో పునీత సెబాస్టియన్ గారి స్వరూపాన్ని చూస్తూ పెరిగాను. చెట్టుకు కట్టేసిన కుర్రాడు, ఒంటినిండా బాణాలు. పూజ జరుగుతున్నంతసేపూ వాటిని లెక్కపెట్టేవాణ్ని. ఒక ఏడాది జనవరి 20 పండుగకి రంగులు వేస్తుంటే ఒకటి విరిగింది. అప్పటినుంచి ఆరే.

అందుకే రోమ్‌లో అమ్మ మొదట అడిగింది ఆయన సమాధినే. పాత అప్పియా దారి మీదుంది ఆ గుడి. ఫుట్‌పాత్ లేని ఇరుకు దారి, రెండువైపులా గోడలు, పక్కనుంచే కార్లు. అమ్మ మోకాళ్లతో అక్కడ నడిపించడం నాకు పెద్ద టెన్షన్.

లోపల ఎడమవైపు పాలరాతి సెబాస్టియన్ పడుకుని ఉన్నాడు. 17వ శతాబ్దపు పని. నిద్రపోతున్నట్టే ఉంది ముఖం, ఒంట్లో దిగినవి బంగారు పూత బాణాలు. అమ్మ మోకరిల్లి ఏడ్చింది. నిజానికి ఆయన బాణాలతో చనిపోలేదు. ఐరీన్ అనే విధవరాలు గాయాలు మాన్పి బతికించిందని, ఆయన మళ్లీ వెళ్లి డయోక్లీషియన్ చక్రవర్తిని ఎదిరిస్తే దుడ్డుకర్రలతో కొట్టి చంపించాడని కథ. ఆ సంగతి అమ్మకి చెబితే, "మరి కర్రలతో ఎక్కడా చెయ్యలేదేంరా?" అంది.

గుడి కింద భూగర్భ సమాధులు. 'కాటకోంబ్' అనే మాట పుట్టింది ఈ చోటునుంచే. 3వ శతాబ్దపు యాత్రికులు అక్కడ గోడమీద గీకిన రాతలు ఇంకా ఉన్నాయి. "పౌలూ, పేతురూ, విక్టర్ కోసం వేడుకోండి" అని ఒకటి. క్రైస్తవుల మీద హింసలు ఇంకా ఆగని కాలం అది. ఆ వంకరటింకర అక్షరాల్లో రక్తం ఊసే లేదు.

మర్నాడు సాంతో స్తెఫానో రొతోందో. గుండ్రటి గుడి, గోడ చుట్టూ వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల, చిత్రహింసల బొమ్మలు: కోయడం, కాల్చడం, మరిగించడం. 1580లలో పొమరాంచో వేశాడు. ప్రొటెస్టెంటు దేశాలకు వెళ్లబోయే కాబోయే గురువుల్ని (ఫాదర్లని) చావుకు సిద్ధం చేయడానికట. పాఠ్యపుస్తకంలోలాగా బొమ్మల్లో ఎ, బి, సి అక్షరాలు, కింద వివరాలు. అమ్మ కళ్లు మూసుకుని జపమాల తీసింది. నాకూ నాలుగైదు బొమ్మల తర్వాత చాలనిపించింది. కానీ అదే గుడిలో 7వ శతాబ్దపు మొజాయిక్ ఒకటుంది. ప్రిముస్, ఫెలిచియానుస్ అనే ఇద్దరు వేదసాక్షులు రత్నాల సిలువకి చెరోపక్క ఊరికే నిలబడి ఉంటారు. సంఘటనకి దగ్గరి కాలంవాళ్లు గాయాల జోలికి పోలేదు, వెయ్యేళ్లు దాటాక వచ్చినవాళ్లేమో వదిలిపెట్టలేదు. నాకలా తోచింది.

చివరి రోజు సంకెళ్ల పేతురు గుడికి వెళ్లాం. జనమంతా మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం ముందే. ఎడమ నడవలో మాత్రం ఎవరూ లేరు. అక్కడ నీలం నేపథ్యంలో తెల్ల గడ్డం పెద్దాయన, ఒంటినిండా ఆస్థాన దుస్తులు, చేతిలో కిరీటం.

"ఈ ముసలాయనెవర్రా?"

"సెబాస్టియన్ గారే."

"బాణాలేవి?"

680లో రోమ్‌లో తెగులు వచ్చిన కాలపు బొమ్మ ఇది. కుర్రాడుగా, బట్టలు లేకుండా చూపించడం చాలా తర్వాతి చిత్రకారుల పని. బాణాలు మాత్రం తెగులుకి గుర్తుగా నిలిచిపోయాయి. అమ్మ రోజూ చదివే 91వ కీర్తనలోనూ పగటివేళ ఎగిరే బాణం, చీకటిలో తిరిగే తెగులు పక్కపక్కనే ఉంటాయి కదా అన్నాను. అమ్మ జవాబు చెప్పలేదు. చాలాసేపు ఆయన్నే చూసి, "మీ తాతలా ఉన్నాడు" అంది.

ఫొటో తీయించుకుని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వరసగా ఆమెన్‌లు వచ్చాయి. ఆఖర్న మా పెద్దమ్మ కొడుకు అడిగాడు: "పిన్నీ, ఈయనేనా మోషే?"