చెమట పట్టకూడని చోట భోగి పండుగ

ఈ సంక్రాంతి సెలవులకు ఫిన్లాండ్ ఉత్తర కొసన ఉన్న ఇనారికి బయలుదేరినప్పుడు నా పెట్టెలో అన్నిటికంటే ముందు సర్దుకున్నవి రెండు పొందూరు ఖద్దరు జుబ్బాలు. శ్రీకాకుళంలో పుట్టి, ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధిస్తున్న నాకు ఒంటికి ఆనుకొని ఉండే బట్ట అంటే ఖద్దరే. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి నుంచి తీసిన ఆ నూలు చెమటను ఎంత చక్కగా పీల్చుకుంటుందో ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం తరగతి చెప్పినవారికి తెలుస్తుంది. ఇనారిలో మొదటి ఉదయం మా గైడు ఆ జుబ్బా అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, దానిని గదిలోనే విడిచి రమ్మని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ ఐదు రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఆ మాటతోనే మొదలైంది.

ఈ ప్రయాణానికి కారణం ఔలు విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా మేనల్లుడు. "మావయ్యా, ధ్రువరాత్రి గురించి పిల్లలకు ఏటా చెబుతారు కదా, ఒక్కసారి వచ్చి చూద్దురు గాని" అని రెండేళ్లుగా పోరుతున్నాడు. శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, వీసా చేతికి వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. హెల్సింకి నుంచి రాత్రి రైలులో రొవానియెమి చేరి, అక్కడి నుంచి సుమారు 325 కిలోమీటర్లు బస్సులో వెళ్లాము. ఊరు దాటిన కొద్దిసేపటికే ఉత్తర ధ్రువవలయం, అంటే 66 డిగ్రీల 33 నిమిషాల అక్షాంశరేఖ, వస్తుంది. ఆపైన దారి పొడవునా మంచు మోసే పైన్ చెట్లు, అప్పుడప్పుడు రోడ్డు మీదికి తాపీగా నడిచి వచ్చే రెయిన్‌డీర్లు. అవి అడవి జంతువుల్లా కనిపించినా, ప్రతిదానికీ ఒక యజమాని ఉంటాడనీ, చెవికి పెట్టిన కోత గుర్తును బట్టి అది ఎవరిదో చెప్పగలరనీ తరువాత తెలిసింది.

మా బృందంలో ఆరుగురం. గైడు నలభై ఏళ్ల ఫిన్లాండ్ మనిషి. ఆ దేశంలో అడవి గైడు పని ఒక వృత్తివిద్య, దానికి చదువూ పరీక్షా ఉన్నాయి. దారి చూపేవాడు మాత్రమే అయితే ఫోనులో ఉన్న పటం సరిపోతుంది కదా అని మొదట్లో నేనూ అనుకున్నాను. రెండో రోజు ఆ అభిప్రాయం మారింది.

ఆ రోజు స్నోషూలు కట్టుకొని అడవిలోకి నడిచాము. ఉష్ణోగ్రత మైనస్ 24. వెడల్పాటి ఆ పాదరక్షలు బరువును పరచడం వల్ల మనిషి మంచులో మోకాలి లోతు కూరుకుపోకుండా నిలుస్తాడు. ఒత్తిడి అంటే వైశాల్యంతో భాగించిన బలమని నేను ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాశానో లెక్కలేదు గాని, అది కాళ్ల కింద తెలిసినప్పుడు కలిగిన ఆనందం వేరు. ఆ ఉత్సాహంలోనే, గైడు రెండుసార్లు వారించినా, ముందుకు ముందుకు నడిచాను. వీపు తడిసింది. మన ఊళ్లో అది గమనించదగిన విషయమే కాదు. భోజనానికి ఆగిన పది నిమిషాలకు వెన్నులో మొదలైన వణుకు దవడల దాకా పాకి, చేతిలో గ్లాసు నిలవలేదు. గైడు కంగారు పడకుండా మంట రాజేసి, తన సంచిలో ఉన్న పొడి ఉన్ని చొక్కాను నాకు తొడిగించి, వేడి పళ్లరసం తాగించి, ఆ తరువాత మాత్రమే మాట్లాడాడు. ఈ అడవిలో చలికి ముందు వచ్చే ప్రమాదం చెమట అనీ, వేడి పుడుతోందని అనిపించిన క్షణంలోనే జిప్పు దించాలనీ, టోపీ తీయాలనీ, అన్నిటికంటే ముందు నడక తగ్గించాలనీ చెప్పాడు.

కారణం నాకు తెలిసినదే. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. నూలు ఆ నీటిని తనలోనే పట్టి ఉంచి చర్మానికి అంటుకుంటుంది, ఉన్ని మాత్రం తడిసినా పోగుల మధ్య కొంత గాలిని నిలుపుకుంటుంది. మన ఉక్కపోతలో ఖద్దరును ప్రాణప్రదం చేసే గుణమే అక్కడ దానిని ప్రమాదకరం చేస్తుంది. అందువల్ల లోపల పలుచని ఉన్ని, మధ్యలో గాలిని పట్టి ఉంచే మందపాటి పొర, పైన గాలి చొరనివ్వని పొర వేసుకోవాలి. వేళ్లు ఒకదాని వేడి మరొకదానికి అందేలా, బొటనవేలు తప్ప మిగతా నాలుగూ ఒకే గూటిలో ఉండే తొడుగులు మంచివి. బూట్లు ఒక సైజు పెద్దవి కావాలి, ఎందుకంటే బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, గాలికి చోటు ఉండదు. అరగంటకొకసారి ఒకరి ముఖం ఒకరు చూసుకొని ముక్కు మీదో చెంప మీదో తెల్లని మచ్చ కనబడితే వెచ్చని అరచేతితో కప్పాలి, మంచుతో రుద్దకూడదు. వెళ్లాలనుకునేవారు దీనిని గుర్తుంచుకుంటే చాలు, మిగతావన్నీ అక్కడ అద్దెకు దొరుకుతాయి.

మూడో రోజు కుక్కల బండ్లు. ఒక్కో స్లెడ్జికి ఆరు హస్కీ కుక్కలు. బయలుదేరే ముందు అవి చేసే గోలకు పక్కవాడి మాట వినబడదు, బ్రేకు మీద నుంచి కాలు తీసిన మరుక్షణం అన్నీ మౌనంగా పరుగెడతాయి. ఏమైనా సరే బండిని చేతిలోంచి విడవకూడదన్నది ఒక్కటే నియమం, విడిస్తే అవి మనిషి లేకుండానే పోతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు మనమూ దిగి నెట్టాలి, అక్కడ మళ్లీ చెమట భయం. ఈసారి నేను నెమ్మదిగానే నెట్టాను.

ఆ సాయంత్రం ఇనారిలోని సీడా మ్యూజియం చూశాము. అక్కడి ఆదివాసులైన సామీ ప్రజల మూడు భాషలు ఆ ఒక్క ప్రాంతంలోనే వినబడతాయి. వాటిలో ఇనారి సామీ మాట్లాడేవారు కొన్ని వందలమందే. 1997లో చిన్నపిల్లల కోసం ఆ భాషలోనే నడిచే బడులను మొదలుపెట్టి దానిని నిలబెట్టుకున్నారు. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి సవరల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ రాసిన సంగతి మా మేనల్లుడికి అక్కడే చెప్పాను.

భోగి రాత్రి మేము సరస్సు ఒడ్డున, ముందుగా కేటాయించుకున్న ఒక అడవి గుడిసెలో ఉన్నాము. కరెంటు లేదు, కుళాయి లేదు. మంచును కరిగించేటప్పుడు గిన్నె అడుగున ముందు కొంచెం నీరు ఉండాలి, లేకపోతే గిన్నె మాడి నీటికి ఆ వాసన పడుతుంది. ఫిన్లాండ్ అడవుల్లో ఎవరైనా ఉచితంగా తలదాచుకోదగిన గుడిసెలు కూడా చాలా ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవాడికే అక్కడ ఎక్కువ హక్కు, ముందు వచ్చి విశ్రాంతి తీసుకున్నవాడు లేచి చోటివ్వాలి. ఎక్కడ ఉన్నా వెళ్లేముందు తరువాతివారి కోసం చీల్చిన కట్టెలు పొయ్యి పక్కన పేర్చి ఉంచడం ఆనవాయితీ. చలితో వేళ్లు మొద్దుబారి వచ్చే మనిషికి గొడ్డలి పట్టే శక్తి ఉండకపోవచ్చు. మాకూ అలాగే ఎవరో పేర్చి వెళ్లిన కట్టెలు, భూర్జ చెట్టు బెరడు, అగ్గిపెట్టె సిద్ధంగా ఉన్నాయి. ఇంటి దగ్గర వీధిలో తెల్లవారుజామున భోగి మంట వేసిన రోజునే మేము ముక్కూమొహం తెలియని మనిషి ఉంచిన కట్టెలతో పొయ్యి వెలిగించాము. మా ఆవిడ కట్టి ఇచ్చిన అరిసెలు సంచిలో రాయిలా గడ్డకట్టిపోతే పొయ్యి మీద వెచ్చబెట్టి అందరికీ పంచాను. బెల్లమూ నెయ్యీ కలిసిన ఆ పిండివంట చలిదేశానికి తగిన ఆహారమని గైడు రెండోది కూడా అడిగి తీసుకున్నాడు.

పదకొండు దాటాక ఉత్తర కాంతులు కనిపించాయి. ఆకుపచ్చని పల్చటి తెర సరస్సు మీదుగా నెమ్మదిగా కదిలింది. వందకు పైగా కిలోమీటర్ల ఎత్తున సూర్యుడి నుంచి వచ్చిన విద్యుదావేశ కణాలు ఆక్సిజన్ పరమాణువులను తాకితే ఆ రంగు పుడుతుంది. ఉత్తేజితమైన పరమాణువు ఆకుపచ్చ కాంతిని ముప్పావు సెకను లోపే విడుస్తుంది, ఎరుపు కాంతికి దాదాపు రెండు నిమిషాలు కావాలి, అంతసేపు మరో కణం ఢీకొనకుండా ఉండేంత పలుచని గాలి ఇంకా పైన ఎక్కడో తప్ప ఉండదు. ఎరుపు మాకు కనబడలేదు. ఈ కాంతుల కోసమే అంత దూరం వెళ్లేవారికి మబ్బు పట్టిన వారం తీరని బాధ మిగులుస్తుంది కాబట్టి, వాటిని అదనంగా దొరికినవిగా భావించి వెళ్లడం మేలని నా అభిప్రాయం.

సంక్రాంతి ఉదయం గుడిసె ఊడ్చి, మా మేనల్లుడూ నేనూ వంతులవారీగా కట్టెలు చీల్చి, మేము కాల్చిన దానికంటే కాస్త ఎక్కువే పేర్చాము. ఆ తరువాత సరస్సు మీద మంచుగడ్డకు తొలిచే బరమాతో రంధ్రం చేసి గాలం వేశాము. నాలుగు డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం కాబట్టి సరస్సు పైనుంచే గడ్డకడుతుందనీ, అడుగున చేపలు బతుకుతాయనీ నేను చెప్పే పాఠం నా కాళ్ల కిందే ఉంది. అక్కడ డిసెంబరు మొదటి వారంలో మాయమైన సూర్యుడు తిరిగి కనబడి అప్పటికి కొన్ని రోజులే అయింది. మధ్యాహ్నం దక్షిణాన చెట్ల వెనుక ఎర్రని అంచు ఒకటి పైకి వచ్చింది. గణితం ప్రకారం బింబం కేంద్రం క్షితిజానికి ఇంకా కాస్త కిందే ఉంది, వాతావరణం కాంతిని వంచడం వల్లనే మాకు కనబడింది. అదే రోజు శ్రీకాకుళంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అరసవల్లి వైపు తిరిగి దండం పెట్టే అలవాటున్న నేను తొడుగులు తీసి చేతులు జోడించాను.

గైడు నా వెనుకకు వచ్చి, ఐదు రోజులుగా చేస్తున్నట్టే, కాలరు లోపల చేయి పెట్టి మెడ వెనుక తడిమి చూశాడు. పొడిగా ఉంది. తొడుగులు వేసుకోమని సైగ చేసి, గాలం చూడటానికి పక్క రంధ్రం దగ్గరికి వెళ్లాడు.