మాటకు తొడిగిన చలిబట్టలు

చలికాలం ఉదయాల్లో పాపను బడికి తయారు చేసేటప్పుడు మా ఇంట్లో వినిపించే తెలుగు నాలుగే ముక్కలు: వేసుకో, గుండీ పెట్టుకో, టోపీ ఏదీ, పద. పన్నెండేళ్ల పిల్లకు అమ్మ భాష ఇలా ఆజ్ఞలకే మిగిలిపోతోందని నాకు దిగులు. చదువంతా మరో భాషలో సాగుతున్నప్పుడు, తెలుగులోనూ చదువు మాట్లాడుకోవచ్చని ఇంట్లో వాళ్లం కాకపోతే ఎవరు చూపిస్తారు?

ఒకరోజు బడి నుంచి వస్తూనే, "నెట్‌వర్కులో 7 పొరలట, ఒక్కటీ గుర్తుండటం లేదు" అని విసుక్కుంది. అప్పుడే కోటు విప్పుతోంది. "నీ ఒంటి మీద ఎన్ని పొరలున్నాయో చెప్పు" అన్నాను.

సందేశం పంపే పనిని నెట్‌వర్కులో అంచెలుగా పంచుకుంటారు, ఒక్కో అంచె ఒక పొర. 1984లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణంగా వెలువడిన ఓఎస్ఐ నమూనాలో ఆ పొరలు 7. ఇంటర్నెట్‌ను నడిపే టీసీపీ/ఐపీ పద్ధతిని సాధారణంగా నాలుగు పొరలుగా చెబుతారు. మేము ఆ నాలుగింటినే పట్టుకున్నాం. పంపే మాట ఒళ్లు. ఒంటికి అంటిన బనియను టీసీపీ: మాటను ముక్కలు చేసి వరుస సంఖ్యలు వేస్తుంది, దారిలో ఏదైనా పోతే మళ్లీ పంపిస్తుంది. స్వెటర్ ఐపీ: చేరవలసిన చిరునామా దాని మీదే ఉంటుంది. పైన కోటు ఈథర్నెట్: తీగ మీద పక్క యంత్రం దాకా చేరుస్తుంది.

బనియను చెమటను లాగాలి, ఉన్ని స్వెటర్ గాలిని పట్టి ఉంచాలి, కోటు ఈదురుగాలిని ఆపాలి. ఒకదాని పనిలో మరొకటి వేలు పెట్టదు. (బిగుతు కోటు వద్దని నేను పోరేది ఇందుకే. స్వెటర్ నలిగితే అందులోని గాలి పోతుంది, వెచ్చదనమూ పోతుంది.)

పాపకు అన్నిటికంటే నచ్చింది రూటర్ సంగతి. రూటర్ అంటే దారి మధ్యలో సందేశాన్ని అందుకుని ముందుకు పంపే యంత్రం. ప్రతి రూటర్ దగ్గర కోటు విప్పి, స్వెటర్ మీది చిరునామా చూసి, ముందున్న దారికి తగిన కొత్త కోటు తొడిగి పంపుతారు. ఒక చోట వైఫై కోటు, మరో చోట ఈథర్నెట్ కోటు. "మరి బనియను?" అంది. మామూలుగా రూటర్‌కు దాని జోలి అక్కర్లేదు, అది చివరిదాకా అలాగే వెళుతుంది అన్నాను. పకపకా నవ్వింది.

తర్వాత ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. అక్షరాలకు కంప్యూటర్ వాడే సంకేతాల పట్టిక యూనికోడ్‌లో "అమ్మమ్మా" అన్న మాట 8 గుర్తులు: అ, మ, పొల్లు, మ, మ, పొల్లు, మ, దీర్ఘం. ఆ గుర్తులను బైట్లుగా (కంప్యూటర్ సమాచారాన్ని కొలిచే చిన్న ముక్కలుగా) రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే 24. బనియను తక్కువలో తక్కువ 20 బైట్లు, ఐపీ నాలుగో రూపంలో స్వెటర్ 20, ఈథర్నెట్ కోటు 18. ఆ 18లో చివరి 4 గుండీల్లాంటివి: దారిలో ఏమైనా చెడిందేమో వాటితోనే సరిచూస్తారు. 24 బైట్ల పిలుపుకు కనీసం 58 బైట్ల బట్టలు! పాప ఆ లెక్కను రెండుసార్లు సరిచూసింది.

ఆ రాత్రి అమ్మకు ఫోను చేశాం. పాప ముందు "అమ్మమ్మా" అని సందేశం పంపి, అది ఏమేం తొడుక్కుని వచ్చిందో తెలుగులోనే వివరించింది. మధ్యలో రెండు మాటల కోసం నా వైపు చూసింది, అందించాను. ఆజ్ఞలు తప్ప వేరే తెలుగు అంతసేపు తన నోట వినడం నాకు అదే మొదటిసారి.

అమ్మ శ్రద్ధగా విని, "ఇక్కడికి వచ్చాక ఆ బట్టలన్నీ ఎవరు విప్పుతారు తల్లీ?" అని అడిగింది.

"నీ ఫోనే విప్పుతుంది అమ్మమ్మా. ముందు కోటు, తర్వాత స్వెటర్, ఆఖరున బనియను. అప్పుడు లోపల నేను పిలిచిన పిలుపు ఉంటుంది."