రౌతు కొద్దీ గుర్రం

నలోపాఖ్యానం అనగానే హంస రాయబారం, దమయంతీ స్వయంవరం, జూదంలో రాజ్యం పోగొట్టుకోవడం అందరికీ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఋతుపర్ణుడి అశ్వశాలలో జరుగుతుంది. రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో సారథిగా కొలువు చేస్తున్న నలుణ్ణి పిలిచి, ఒక్క పగటిలో తనను అయోధ్య నుంచి విదర్భకు చేర్చాలంటాడు రాజు. శాలలో పుష్టిగా ఉన్న గుర్రాలు ఎన్నో ఉండగా బాహుకుడు ఏరికోరి చిక్కిపోయినట్టు కనిపించే వాటిని తీసుకువస్తాడు. రాజు ఆక్షేపిస్తే, అవి సింధుదేశంలో పుట్టినవని, వాటి ముక్కుపుటాలు విశాలంగా ఉన్నాయని, ఒంటి మీద సుడులు ఉండవలసిన చోటనే ఉన్నాయని వివరించి, ఇవే మనల్ని చేరుస్తాయని చెబుతాడు. రథానికి పూన్చగానే ఆ గుర్రాలు మోకాళ్ళ మీద కూలబడతాయి. అప్పుడు కూడా అతడు కొరడా తీయడు. నిమిరి, ఊరడించి, లేపుతాడు. ఆ తరువాత రథం ఎంత వేగంగా పోతుందంటే, జారిపడిన ఉత్తరీయం కోసం ఆగమని రాజు అడిగేసరికి అది పడినచోటు ఆమడ దూరం వెనకబడిపోయి ఉంటుంది.

నలుడికి తెలిసిన ఆ విద్యను కథ ‘అశ్వహృదయం’ అంటుంది. రాజు తనకు తెలిసిన అక్షహృదయాన్ని, అంటే పాచికల రహస్యాన్ని, నలుడికి ఇచ్చేది దీనికి బదులుగానే. పోయిన రాజ్యాన్ని తిరిగి గెలుచుకునే విద్యతో గుర్రాల విద్య సరితూగిందన్న మాట. గుర్రాల చరిత్రను మనం సాధారణంగా దండయాత్రల చరిత్రగా చదువుతాం. ఎవరు ఎంత ఆశ్వికదళంతో ఎవరి మీద పడ్డారన్నదే ముందుకొస్తుంది. కానీ గుర్రాలను సంపాదించిన వాళ్ళకూ వాటిని ఎరిగిన వాళ్ళకూ మధ్య ఉన్న తేడాయే ఆ చరిత్రలో అసలు కథ అని నేను నమ్ముతాను.

ఆ తేడా అంత ముఖ్యం కావడానికి కారణం గుర్రం ఒంట్లోనే ఉంది. చూడడానికి అంత బలంగా ఉండే ఈ ప్రాణి తరిమే జంతువు కాదు, పారిపోయే జంతువు. నేల మీద బతికే క్షీరదాల్లో అతి పెద్ద కళ్ళున్న వాటిలో ఇదొకటి. అవి తలకు రెండు పక్కలా అమరి ఉండడం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు గాని, సరిగ్గా నుదుటి ముందూ తోక వెనకా కొంత మేర దానికి కనిపించదు. దాని జీర్ణాశయం ఒంటి పరిమాణానికి చాలా చిన్నది, కాబట్టి కొంచెం కొంచెంగా రోజుకు 14 నుంచి 16 గంటలపాటు గడ్డి మేస్తూ ఉండాలి. తిన్నది పడకపోతే కక్కే శక్తి దానికి లేదు; కడుపుశూల వస్తే ప్రాణం మీదికే వస్తుంది. ఒక్కసారిగా గింజలు ఎక్కువ పెడితే అవి సగం అరిగి పెద్దపేగులోకి చేరి, అక్కడ పులిసి, చివరికి డెక్కల లోపల వాపుగా తేలతాయి. కడుపులో జరిగిన పొరపాటు కాళ్ళలో కనిపించే జంతువు ఇది. ఆ డెక్క కూడా మన మధ్యవేలి గోరుతో సమానమైనది. ఒక్కొక్క వేలిగోరు మీద అంత బరువును మోస్తూ పరుగెత్తే జంతువుకు ఆ గోరు వంకర తిరిగితే మోకాలు, భుజం, నడుము అన్నీ చెడతాయి. అది ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది గనుక ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడాలు ఊడదీసి, డెక్క చెక్కి, మళ్ళీ కొట్టాలి.

పని తెలిసిన సాహిణి, అంటే గుర్రాల సంరక్షకుడు, గుర్రం దగ్గరికి వెళ్ళే తీరును దగ్గరగా నిలబడి చూస్తే ఈ జ్ఞానమంతా కదలికల్లో కనిపిస్తుంది. అతడు ఎదురుగానూ వెళ్ళడు, వెనక నుంచీ వెళ్ళడు. ముందు గొంతు వినిపిస్తాడు, గుర్రం చెవి ఒకటి అతని వైపు తిరిగేదాకా ఆగుతాడు, తరువాత భుజం పక్కకు చేరి మెడ మీద అరచేయి ఆనిస్తాడు. ఆ చేతిని తీయకుండానే భుజం మీదుగా కిందికి, మోకాలు దాటించి, గిట్ట పైనున్న నరం దాకా జార్చి, అక్కడ రెండు వేళ్ళతో మెత్తగా నొక్కుతాడు. గుర్రం బరువును మిగిలిన మూడు కాళ్ళ మీదికి మార్చుకుని డెక్కను తనంతట తానే ఎత్తి అతని చేతిలో పెడుతుంది. నాలుగైదు వందల కిలోల బరువున్న జంతువు, పారిపోవడమే ఆత్మరక్షణగా పుట్టిన జంతువు, తన కాలిని మరొకరికి అప్పగించడం చిన్న విషయం కాదు. ఈ ఒక్క కదలిక వెనక దాదాపు నాలుగు వేల ఏళ్ళ పరిచయం ఉంది.

ఆ పరిచయం ఎక్కడ మొదలైందో ఇప్పుడు చాలావరకు స్పష్టంగా తెలుస్తోంది. నేటి పెంపుడు గుర్రాలన్నిటికీ మూలం ఓల్గా, డాన్ నదుల దిగువ గడ్డిమైదానాల్లో ఉందనీ, అవి సుమారు క్రీ.పూ. 2000 నుంచి నలుదిక్కులకూ వేగంగా వ్యాపించాయనీ 2021లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. అంతకుముందే కజకస్తాన్ ఉత్తర ప్రాంతంలోని బొటాయ్ ప్రజలు గుర్రాలతో సన్నిహితంగా బతికారు గాని, నేటి గుర్రాలు వాటి సంతతి కావు. ఆకుల (స్పోకుల) చక్రాలున్న తొలి రథాలు ఉరల్ పర్వతాల దక్షిణాన, సింతాష్టా అనే చోటి సమాధుల్లో బయటపడ్డాయి.

రథం తయారైన కొన్ని శతాబ్దాలకే దాన్ని లాగే గుర్రాన్ని ఎలా తయారు చేయాలో రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడు. అతని పేరు కిక్కులి. నేటి ఉత్తర సిరియా ప్రాంతంలో ఉండిన మితాన్ని దేశస్థుడు, అశ్వశిక్షకుడు. క్రీ.పూ. 14వ శతాబ్దానికి చెందిన అతని మట్టిపలకలు నేటి టర్కీలో ఉన్న హిట్టైట్ల రాజధాని హట్టూషాలో దొరికాయి. నెలల తరబడి సాగే ఆ శిక్షణలో ఏ రోజు ఎంత దూరం నడిపించాలి, ఎప్పుడు కడగాలి, ఎప్పుడు నీళ్ళు పట్టాలి, ఎంత మేత పెట్టాలి అన్నవన్నీ వరుసగా ఉన్నాయి. రథం చుట్లను లెక్కపెట్టేటప్పుడు అతడు వాడిన మాటలు ఐక, తేర, పంజ, సత్త. సంస్కృతపు ఏక, త్రి, పంచ, సప్త తెలిసిన మనకు ఆ పలక చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పలకల్లో యుద్ధ వర్ణన లేదు, రాజు పొగడ్త లేదు. గుర్రం దినచర్య మాత్రమే ఉంది.

గ్రీకుల్లో జెనొఫన్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇదే విషయం మీద రాస్తూ, కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దనీ, బలవంతంగా చేయించిన పనిలో గుర్రానికి అవగాహన ఉండదనీ హెచ్చరించాడు. అలెగ్జాండర్ గుర్రం బ్యుసిఫలస్ కథ కూడా ఆ కోవలోదే. ఎవరికీ లొంగని ఆ గుర్రం తన నీడను చూసి బెదురుతోందని కుర్రవాడైన అలెగ్జాండర్ కనిపెట్టి, దాని ముఖాన్ని సూర్యుడి వైపు తిప్పి ఎక్కాడని ప్లూటార్క్ చెబుతాడు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అది చనిపోయినప్పుడు దాని పేరిట ఒక పట్టణమే కట్టించాడు. ఈ కథలో నిజమెంతో అబద్ధమెంతో అన్నది నాకంత ముఖ్యం కాదు. అక్కడున్న పెద్దలందరూ గుర్రానిది పొగరు అనుకుంటే, ఒక్కడు మాత్రం భయం అని గ్రహించాడు. అశ్వహృదయమంటే అదే.

ఆ జ్ఞానం లేనిచోట ఎంత నష్టం జరుగుతుందో దక్షిణ భారత చరిత్ర చూపిస్తుంది. ఇక్కడి వేడి, తేమ, మేత గుర్రాల పెంపకానికి అనుకూలించలేదు; సముద్రం మీద అరేబియా నుంచి, పర్షియా తీరం నుంచి తెప్పించుకోవలసి వచ్చేది. 13వ శతాబ్దం చివర పాండ్యుల తీరానికి వచ్చిన మార్కోపోలో, ఏటా వేల గుర్రాలు దిగుతున్నా ఏడాది తిరిగేసరికి వందైనా మిగలడం లేదని రాశాడు. వాటికి ఉడికించిన అన్నం, మాంసం పెడుతున్నారనీ, లాడాలు కొట్టి వైద్యం చేసేవాళ్ళు లేరనీ, అటువంటి పనివాళ్ళు ఇక్కడికి రాకుండా గుర్రాల వ్యాపారులే అడ్డుపడుతున్నారనీ అతడంటాడు. లెక్కలో అతిశయోక్తి ఉండవచ్చు. మన దగ్గర శాలిహోత్రుడి పేరిట అశ్వశాస్త్ర సంప్రదాయం ఎప్పటి నుంచో ఉందన్నదీ మరువకూడదు. అయినా గడ్డి మేసే కడుపుకు అన్నం ముద్దలు పెడితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం గనుక, ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. గుర్రం చస్తేనే మరో గుర్రం అమ్ముడుపోయే వ్యాపారంలో, బతికించే విద్యను దాచిపెట్టడం లాభసాటి పని.

విజయనగర కాలానికి ఆ బేరం పరాకాష్ఠకు చేరింది. స్వయంగా గుర్రాల వర్తకుడైన పోర్చుగీసు యాత్రికుడు ఫెర్నావో నూనిజ్ రాసినదాని ప్రకారం, సాళువ నరసింహరాయలు హుర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వచ్చే గుర్రాలను బతికున్నా చచ్చినా కొనేవాడు. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రం తోకను తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినట్టే వెల చెల్లించేవాడు. తోకలకు వెల కట్టిన ఆ చెల్లింపులో ఒక రాజ్యపు నిస్సహాయత మొత్తం కనిపిస్తుంది నాకు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతి ఘట్టంలో, రేవులను బాగుచేసి, ఏనుగులనూ మేలుజాతి గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి, అవి శత్రువుల చేతికి పోకుండా చూసుకోవాలని చెప్పడం ఈ నేపథ్యంలో చదవవలసిన మాట. ఇక్కడ గుర్రాలు చావడానికి తిండి ఒక్కటే కారణం కాదు. జోరీగలు మోసుకొచ్చే సుర్రా వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు 1880లో పంజాబులో గుర్తించేదాకా, గుర్రాలు జ్వరంతో ఎందుకు చిక్కి చనిపోతున్నాయో ఎవరికీ తెలియదు.

పురాణాల్లో గుర్రం వెలుగుతో, వేగంతో ముడిపడి ఉంటుంది. సూర్యుడి ఏడు గుర్రాలు, పాలసముద్రంలో పుట్టిన ఉచ్చైశ్శ్రవం, దేవవైద్యులైన అశ్వినీదేవతలు, వేదాలను కాపాడిన హయగ్రీవుడు అందరూ ఎరిగినవే. గ్రీకులకు రెక్కల పెగాసస్, ఉత్తర ఐరోపావారికి ఎనిమిది కాళ్ళ స్లీప్నిర్ ఉన్నాయి. వీటికంటే నన్ను కదిలించేది ద్రోణపర్వంలోని ఒక విరామం. సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపుతానని అర్జునుడు ప్రతిన పూనిన రోజున, పొద్దు జారిపోతున్నా, శత్రుసైన్యం మధ్యలో గుర్రాలు అలసిపోయాయని రథం ఆపుతారు. అర్జునుడు నేల మీద నిలబడి యుద్ధం చేస్తూ, బాణంతో నీటిమడుగు పుట్టించి, బాణాలతోనే చుట్టూ కొట్టం కడతాడు. కృష్ణుడు పూన్పు విప్పి, గుర్రాల ఒంట్లో గుచ్చుకున్న బాణాలను చేతులతో పెరికి, ఒళ్ళు రుద్ది, నీళ్ళు పట్టి, మేపి, అలసట తీరాక మళ్ళీ పూన్చుతాడు. ఆ యుద్ధం మొత్తంలో అంత తొందర ఉన్న రోజు మరొకటి లేదు, అయినా కవి ఆ గుర్రాలను మరిచిపోలేదు.

మన భాషలో కూడా ఆ ఎరుక నిలిచే ఉంది. పాలన చేపట్టిన వాళ్ళు పగ్గాలు పట్టుకుంటారు, ధరలకు కళ్ళెం వేస్తామంటారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందన్న సామెత నాకు కాస్త కటువుగా తోస్తుంది గాని, ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నది అక్షరాలా నిజం. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్నదాన్ని పనికిమాలిన ఖర్చును ఎత్తిపొడవడానికి వాడతాం. ముసలిదై చూపు పోయిన గుర్రానికి దాణా పెట్టడం దాని హక్కు తీర్చడమే అని నేననుకుంటాను. ఆవిరి యంత్రాల బలాన్ని కొలవడానికి జేమ్స్ వాట్ గుర్రాన్నే ప్రమాణంగా తీసుకున్నాడు; ఒక అశ్వశక్తి సుమారు 746 వాట్లు. రోజంతా నిలకడగా చేసే పనికి వేసిన లెక్క అది. క్షణకాలం పూర్తి బలం పెడితే ఒక్క గుర్రం 15 అశ్వశక్తుల దాకా చూపగలదు.

ఇంత కాలం పక్కనే ఉన్నా గుర్రాన్ని మనం సరిగా చూడలేదని ఫోటోగ్రఫీ తేల్చింది. పరుగెత్తే గుర్రం ముందు కాళ్ళు ముందుకూ వెనక కాళ్ళు వెనక్కూ చాచి గాల్లో తేలుతున్నట్టు చిత్రకారులు ఎంతోకాలం గీశారు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి తీసిన చిత్రాల్లో, నాలుగు కాళ్ళూ నేల విడిచేది అవి పొట్ట కింద ముడుచుకున్నప్పుడేనని బయటపడింది.

గుర్రం మాత్రం మనల్ని బాగానే చూసింది. బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ పెంచిన హాన్స్ అనే గుర్రం లెక్కలకు డెక్క తట్టి జవాబు చెబుతోందని 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో పెద్ద సంచలనం కలిగింది. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పరీక్షలు జరిపి, అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, అతడు కంటికి కనపడకపోయినా హాన్స్ తప్పుతోందని గమనించాడు. సరైన సంఖ్య రాగానే అడిగేవాడి తల తనకే తెలియకుండా కొద్దిగా కదిలేది; హాన్స్ దాన్ని చూసి తట్టడం ఆపేది. గుర్రానికి లెక్కలు రావని తేలగానే లోకం నిరాశపడింది. నాకైతే అసలు అద్భుతం అక్కడే మొదలైంది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కోపంగా ఉన్న మనిషి ఫోటో చూపితే గుర్రాల గుండె వేగం పెరిగిందనీ, అవి ఆ ముఖాన్ని ఎడమ కంటితో చూడడానికి తల తిప్పాయనీ నమోదు చేశారు. జీను మీద కూర్చున్న మనిషి బిగుసుకుపోతే కింద గుర్రం కూడా బిగుసుకుపోవడం సాహిణులకు ఎప్పటి నుంచో అనుభవమే.

ఊరేగింపులోనో, విహారస్థలంలోనో గుర్రం ఎక్కే అవకాశం వచ్చినప్పుడు ముందు దాని నోటి మూలలు చూడండి. కళ్ళెం ఒరుసుకున్న పుండ్లున్నాయేమో గమనించండి. నడుము పట్టీ కింద వెంట్రుకలు రాలి చర్మం బయటపడిందా, డెక్కల అంచులు పగిలి ఉన్నాయా, నిలబడినప్పుడు ఒక ముందుకాలిని మాటిమాటికీ ముందుకు చాచి బరువు తప్పిస్తోందా అన్నవి చూడడానికి రెండు నిమిషాలు చాలు. వీటిలో ఏదైనా కనిపిస్తే ఎక్కకండి, ఎందుకు ఎక్కడం లేదో యజమానికి మర్యాదగా చెప్పండి.