అక్కితో మొదలై పాప రిపోర్టు దాకా

ఐదో నెలలో నడుముకి ఓ పక్కగా అక్కి లేచింది. చీర అంచు తగిలినా ప్రాణం పోయేంత మంట. అత్తమ్మ కుమ్మరాయన దగ్గరికి తీసుకెళ్తే జాజుతో సింహం బొమ్మ వేసి, తగ్గిపోతుందిలే అన్నాడు. తగ్గకపోగా జ్వరం, నోట్లో తెల్లపూత. సింగరాయకొండ సర్కారు ఆసుపత్రిలో నర్సమ్మ అవి చూడగానే రక్తపరీక్షకి పంపింది. హెచ్‌ఐవీ ఉందన్నారు. ఎలా వచ్చిందన్నది మా ఇద్దరి సంగతి, ఇక్కడ రాయను.

ఒంగోలులో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చూస్తే, జబ్బులతో పోరాడే సీడీ4 కణాల లెక్క రెండొందలు కూడా లేదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్ర, రోజుకొకటి, జీవితాంతం. ఈ మందులు మన దేశంలో 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. మొదట్లో నిద్ర పట్టేది కాదు, అన్నం చూస్తేనే వాంతి వచ్చేది. మెల్లగా చేపల పులుసు మళ్లీ రుచించింది. అక్కి మాడినా ఆ మచ్చల కింద మాత్రం చాన్నాళ్లు జివ్వుమనేది. నెలలు నిండేసరికి రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ కనిపించలేదని వచ్చింది. అయినా ఓ ప్రైవేటు నర్సింగ్ హోం ఫైలు చూసి ఇక్కడ కుదరదని పంపేసింది. సర్కారు ఆసుపత్రిలోనే సుఖంగా కాన్పయింది.

పాపకి వైరస్ సోకకుండా ఆరువారాల పాటు నెవిరపిన్ సిరప్ పట్టాం. ఆ తర్వాత మడమ మీద సూదితో గుచ్చి, అట్టముక్క మీద గీసిన గుండ్రాల్లో ఒక్కో రక్తపు చుక్క అద్ది ఆరబెట్టారు. అందులో వైరస్ లేదని వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే, ఆఖరి మాట పద్దెనిమిది నెలలకి గానీ చెప్పం అంది కౌన్సెలర్ మేడం. వైరస్ మీద పోరాడటానికి నా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు కడుపులో ఉండగానే పుట్టింటి సారెలా పాపకి చేరతాయి. అవి పూర్తిగా కరిగేదాకా మామూలు హెచ్‌ఐవీ పరీక్ష చేస్తే, బిడ్డకి జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపిస్తుంది.

కావలిలో బీఎస్సీ చదివినదాన్ని, ఆ టెన్షన్లో దొరికిందల్లా చదివాను. తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకకుండా పసిపిల్లలకి టీకా వేయొచ్చా అని అమెరికాలో 1990లలోనే చూశారట. పీఏసీటీజీ 230 అనే ఆ ప్రయోగంలో హెచ్‌ఐవీ ఉన్న తల్లుల బిడ్డలకి, పుట్టిన కొద్దిరోజులకే మొదలుపెట్టి, వైరస్ పైతొడుగులోని జీపీ120 అనే ప్రోటీన్‌తో చేసిన టీకా వేశారు. అప్పట్లో దాచిపెట్టిన ఆ పిల్లల రక్తాన్ని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు మళ్లీ పరీక్షించి 2015లో ఫలితాలు బయటపెట్టారు. వాటిని పోల్చింది థాయ్‌లాండ్‌లో పెద్దవాళ్ల మీద చేసిన ఆర్‌వీ144 అనే టీకా ప్రయోగంతో. 2009లో వచ్చిన దాని ఫలితాల్లో హెచ్‌ఐవీ ముప్పు 31 శాతం తగ్గింది. అక్కడ వైరస్ పైతొడుగులోని వీ1వీ2 అనే భాగం మీద యాంటీబాడీలు ఎక్కువున్న వాళ్లకే ముప్పు తక్కువ. టీకా బాగా పనిచేసేలా ఎంఎఫ్59 అనే పదార్థం కలిపిన టీకా వేయించుకున్న పసివాళ్లలో ఆ యాంటీబాడీలు థాయ్ పెద్దవాళ్లలో కంటే ఎక్కువ పుట్టాయి, టీకావల్ల పుట్టిన యాంటీబాడీలు సగం మందికి పైగా పిల్లల్లో రెండేళ్ల వయసుకీ కనిపించాయి. పసిగుడ్డుకి శక్తెక్కడిది అని మావాళ్లు అంటుంటారు గానీ, చూడండి మరి! అలాగని అది పిల్లల్ని జబ్బు నుంచి కాపాడిందని కాదు, అది తేల్చేంత పెద్ద ప్రయోగం కాదది. ఇప్పటికీ హెచ్‌ఐవీకి టీకా లేదు, నా పాపని కాపాడింది మాత్రే.

పద్దెనిమిది నెలల పరీక్షలో పాపకి నెగెటివ్ వచ్చింది. నేనూ బరువు పెరిగాను, ఈ ఏడు పొగాకు గ్రేడింగ్‌కి కూడా వెళ్లాను.

ఆ అమెరికా తల్లులు సంతకం పెట్టేముందు ఏం అడిగుంటారా అనిపిస్తుంది. నేనైతే రెండు అడుగుతాను. టీకాలో వైరస్ ఉందా? లేదు, వైరస్ పైతొడుగులోని ప్రోటీన్ మాత్రమే, దానివల్ల జబ్బు రాదు. టీకావల్ల పుట్టిన యాంటీబాడీలతో రేపు పరీక్ష పాజిటివ్ చూపిస్తే? చూపించే అవకాశం ఉంది, అప్పుడు వైరస్‌నే వెతికే పరీక్ష చేయాలి. ఇదంతా మా ఆయనకి చెబితే, “పెంటా సూదికి జ్వరమొస్తేనే రాత్రంతా జాగారం చేశావు, నువ్వు సంతకం పెడతావా?” అని నవ్వాడు. ఆ రెండో దానికి రాతపూర్వకంగా హామీ ఇస్తే పెడతానన్నాను.